నాలుగు వందల పన్నెండు చున్నీలు

దేవమణి గెలిచిన పదకొండు సెకన్లకు, ఆమె ఆడది కాదని మా యంత్రం తేల్చింది.

మా యంత్రం అని ఊరికే అనడం లేదు. దాని పుట్టుకలో నా చెయ్యి ఉంది. పేరు కూడా నేనే పెట్టాను, 'సమతుల' అని. పేరు బాగుందని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కట్టిన కొత్త స్టేడియంలో అఖిల భారత కళాశాలల క్రీడలు జరుగుతున్నాయి. ఆ రోజు మహిళల ఎనిమిది వందల మీటర్ల సెమీఫైనల్. మూడో లేనులో కిల్లో దేవమణి. పాడేరు పైన ఎక్కడో కొండ మీది ఊరు. ఇరవై ఏళ్ళుంటాయి, ఇలాంటి పోటీకి రావడం ఇదే మొదటిసారి. నల్లగా, పొడుగ్గా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. రెండో చుట్టు సగంలో ఉండగానే మిగతావాళ్ళను వదిలేసింది. చేతులు రెండూ బారలు చాపి గాలిని కోస్తున్నట్టు ఊపుతూ, పది మీటర్ల ముందు గీత దాటింది. రెండు నిమిషాల నాలుగు సెకన్లు. కళాశాలల పోటీల్లో అంత మంచి టైము నేను చూసి చాలా కాలమైంది.

ప్రతి అమ్మాయి మెడ వెనకా తమలపాకంత పట్టీ అంటించి ఉంటుంది. ట్రాక్ చుట్టూ ఇరవై నాలుగు కెమెరాలుంటాయి. పట్టీ చెమటనూ రక్తాన్నీ చదువుతుంది, కెమెరాలు ఒంటి కదలికను చదువుతాయి, అన్నీ కలిపి సమతుల ఒక లెక్క తేలుస్తుంది. బోర్డు మీద పేర్ల పక్కన దీపాలు వెలిగాయి. పచ్చ, పచ్చ, పచ్చ. దేవమణి పేరు పక్కన ఎర్ర.

"మూడో లేన్, కిల్లో దేవమణి. మహిళా పరిధికి వెలుపల," అని స్పీకర్లోంచి తీపి గొంతుతో వినిపించింది. అదీ మేం ఎంచిన గొంతే.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గ్యాలరీలోంచి ఈల. ఆ వెంటనే ఎవడో "ఏం బావా, బాగా పరిగెత్తావు!" అని అరిచాడు. పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దేవమణి మాత్రం రొప్పుతూనే నా దగ్గరికి నడిచి వచ్చింది. నా మెడలో ఉన్న అధికారి కార్డు చూసింది కాబోలు.

"ఏటి మేడం, ఎర్రదీపమంటే ఫస్టొచ్చినట్టా?" అంది.

ఆమె కోచ్ నూకరాజు పరుగెత్తుకొచ్చి ఆమెకు తువ్వాలు కప్పి, లోపలికి తీసుకుపోయాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆయన కళ్ళు నా వైపు ఒక్కసారి తిరిగాయి. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

నిజం చెప్పాలంటే మేం దీన్ని మంచికే మొదలుపెట్టాం. అంతకుముందు ఏ అమ్మాయైనా కాస్త వేగంగా పరుగెత్తితే, కాస్త దిట్టంగా కనిపిస్తే, గదిలోకి తీసుకెళ్ళి బట్టలు విప్పించేవారు. డాక్టర్లు చుట్టూ నిలబడి చూసేవారు. ఆ పాడుపని మానిపించాలనే సమతులను తయారు చేశాం. ఎవరూ ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు, చూడనక్కర్లేదు, పరుగే సాక్ష్యం చెబుతుందన్నాం. ఎనిమిదేళ్ళుగా దేశంలో స్కూలు, కాలేజీ పోటీలన్నింటిలో అదే నడుస్తోంది. మగపిల్లల పోటీల్లో ఆ దీపాల బోర్డు ఉండదు. మగవాడు ఎంత వేగంగా పరుగెత్తినా మగవాడేనా అని అడిగే దిక్కులేదు కదా మరి.

నిబంధన ఏమిటంటే, ఒకసారి ఎర్ర పడితే మా ప్రయోగశాల ఆ అమ్మాయిని మళ్ళీ పరీక్షించాలి. ఫైనల్లో పరుగెత్తనిస్తారు. అక్కడా ఎర్ర పడి, పరిశీలకురాలిగా నేను సంతకం పెడితే, ఆమె ఇక జన్మలో మహిళల పోటీల్లో పరుగెత్తకూడదు. ఆ మాట పేరుతో సహా ప్రకటిస్తారు. అంటే ఊళ్ళో, కాలేజీలో, బస్సులో, ఎక్కడికెళ్ళినా ఆ మాట ఆమె ముందు నడుస్తుంది. ఫైనల్‌కు ఇంకా మూడు రోజులుంది.

ఆ సాయంత్రమే మా ప్రయోగశాల డైరెక్టర్ చక్రధర్ గారు నన్ను పిలిచారు.

"సుభాషిణీ, దీనికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. కొండజాతి రక్తం. వాళ్ళ ఊపిరితిత్తులే వేరు. అది ప్రతిభ కాదు, పుట్టుక," అన్నారు.

"మొన్న లాంగ్‌జంప్‌లో గెలిచిన మీ మేనల్లుడు ఆరడుగుల మూడంగుళాలు సార్. అది పుట్టుక కాదా?"

"వాడు కష్టపడ్డాడమ్మా."

పట్నం పిల్లవాడు గెలిస్తే కష్టం. కొండపిల్ల గెలిస్తే రక్తం. ఇరవై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను. ఇరవై ఏళ్ళుగా తల వంచుకుని వెళ్ళిపోయాను కూడా. ఆ రోజూ అలాగే వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున దేవమణి మా ప్రయోగశాలకు వచ్చింది. పరీక్ష దుస్తులని మేం ఒక బనియను ఇస్తాం, అందరికీ ఒకే సైజు. మెడ దగ్గర బాగా వదులు. ఆమె దాన్ని తొడుక్కుని ట్రెడ్‌మిల్ ఎక్కింది. పరుగు మొదలుపెట్టిన అర నిమిషానికే ఎర్ర. నేను లోపలి లెక్కలు ఒక్కొక్కటే విప్పి చూశాను. రక్తం, చెమట, ఎముకల బరువు, గుండె కొట్టుకునే తీరు. అన్నీ ఆడవాళ్ళ లెక్కకు నట్టనడుమ ఉన్నాయి. ఎక్కడా వంక లేదు. మరి ఎర్ర ఎక్కడి నుంచి వస్తోంది?

నేను తెర వైపు చూస్తూ బుర్ర గోక్కుంటుండగా దీపం పచ్చగా మారింది.

తలెత్తి చూశాను. బనియను భుజం మీంచి జారిపోతుంటే దేవమణి ఎడమ చేత్తో మెడ దగ్గర గుప్పిట పట్టుకుని, ఆ మోచేతిని ఛాతీకి అదుముకుని పరుగెత్తుతోంది. వేగం తగ్గలేదు. రక్తం మారలేదు. చెయ్యి ఒక్కటే మారింది.

"అమ్మా, ఆ చెయ్యి వదులు," అన్నాను. వదిలింది. ఎర్ర.

"మళ్ళీ పట్టుకో." పట్టుకుంది. పచ్చ.

"రెండు చేతులూ దగ్గరికి పెట్టుకో." ముదురాకుపచ్చ. అంటే సందేహమే లేదు, నూటికి నూరుపాళ్ళూ ఆడది.

దేవమణికి నవ్వాగలేదు. "ఇదేటి మేడం, పట్టుకుంటే ఆడదాన్ని, ఒగ్గేస్తే కాదేటి?" అంది ట్రెడ్‌మిల్ మీంచే.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ చేతిని నేను ఇంతకుముందు చూశాను. ఒకసారి కాదు, నాలుగు వందల పన్నెండు సార్లు చూశాను.

పదేళ్ళ కిందటి మాట. మగవాడి పరుగు ఏది, ఆడదాని పరుగు ఏది అని యంత్రానికి నేర్పాలంటే ముందు దానికి మనుషులను చూపించాలి. ఒక పేరున్న కాలేజీకి వెళ్ళాం. మగపిల్లలను పొద్దున్నే ఖాళీ ట్రాక్ మీద, నిక్కర్లలో పరుగెత్తించాం. ఆడపిల్లల వంతు సాయంత్రం నాలుగింటికి వచ్చింది, పొద్దున పూట ట్రాక్ మగపిల్లలదే కాబట్టి. "మా కాలేజీ ఆడపిల్లలు చున్నీ లేకుండా గ్రౌండులో అడుగు పెట్టరు," అన్నారు ప్రిన్సిపాల్ గారు గర్వంగా. సరేనన్నాను. కుచ్చిళ్ళు పెట్టి రెండు భుజాల మీదా పిన్నులు గుచ్చిన చున్నీలు. అప్పుడే క్రికెట్ ముగించిన మగపిల్లలంతా మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఆ మెట్ల ముందు నుంచి ఆడపిల్లలు పరుగెత్తారు. చున్నీ ఎగరకుండా, ఛాతీ కదలకుండా, మోచేతులు పక్కటెముకలకు అతికించుకుని.

ఒక పిల్లను "ఇంకా వేగంగా పరుగెత్తమ్మా" అని అడిగాను. "ఇంతకన్నా అయితే అందరూ చూస్తారు మేడం," అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నేను ఫారంలో 'గరిష్ఠ వేగం' అన్న గడిలో ఆ అంకె వేశాను. 'దుస్తులు' అన్న గడిలో 'కళాశాల నిబంధన ప్రకారం' అని రాశాను. నాలుగు సాయంత్రాలు, నాలుగు వందల పన్నెండు మంది. నేనూ కాలేజీలో చున్నీ పిన్నులతోనే పెరిగాను. అందుకే నా కంటికి అందులో తప్పేదీ కనిపించలేదు. అదే ఏ పరాయి దేశం మనిషైనా అక్కడ ఉండి ఉంటే, ఇదేమిటి ఈ పిల్లలను కట్టేసి పరుగెత్తిస్తున్నారని అడిగి ఉండేది.

యంత్రం పాపం తనకు చూపించింది నేర్చుకుంది. మగవాడికీ ఆడదానికీ అన్నిటికన్నా పెద్ద తేడా రక్తంలో కాదు, ఎముకలో కాదు, మోచేతిలో ఉందని కనిపెట్టింది. ఎవరికీ చెప్పకుండా దానికే ఎక్కువ తూకం వేసింది. మేం బట్టలు విప్పించకుండా ఆడతనం తేలుస్తామని గొప్పలు పోయాం. చివరికి ప్రపంచంలోని ఆడపిల్లలందరికీ ఒక చున్నీ కప్పి వదిలిపెట్టాం.

ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకతె. మేం దాన్ని తిరగేశాం. ఓటి మద్దెల మేం తయారుచేసి, ఆడినదాన్ని తప్పు పట్టాం.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ నా పాపం ఇంట్లో కూడా ఉంది.

నా కూతురు నీహార కూడా ఎనిమిది వందల మీటర్లే పరుగెత్తుతుంది. ఇదే ఫైనల్లో ఉంది. ఆ సాయంత్రం వంటింట్లో అది పెసరట్లు పోస్తుంటే, నేను బల్ల దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. దానికి చెప్పకుండా ఉండలేకపోయాను. అది అట్లకాడ పట్టుకుని వింటూ నిలబడింది. పెనం మీద అట్టు మాడిపోతున్నా తియ్యలేదు.

"అయితే చంకల్లో పేపరు ముక్కలు?" అంది చివరికి.

ఈ సంగతి చెప్పాలి. సమతుల వచ్చిన రెండేళ్ళకే కోచ్‌లకు ఒక కిటుకు తెలిసిపోయింది. ఎందుకో తెలియదు గానీ, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే పచ్చ పడుతుంది. కోచ్‌ల చాదస్తం అనుకుని నేనెప్పుడూ ఆరా తీయలేదు. అందుకని ఆడపిల్లల రెండు చంకల్లో వార్తాపత్రిక ముక్కలు పెట్టి, అవి కింద పడకుండా పరుగెత్తమనేవారు. దానికి 'పరిధి పరుగు' అని పేరు. పద్నాలుగేళ్ళప్పుడు నీహారకు ఒకసారి పసుపు దీపం, అంటే అనుమానం దీపం, పడింది. భయపడిపోయాను. రేపు ఎర్ర పడితే నా బిడ్డ గతేమిటని. పత్రిక చింపి, ముక్కలు మడిచి దాని చంకల్లో పెట్టింది నేనే.

"నాకు పద్నాలుగేళ్ళప్పుడు రెండు నిమిషాల పది సెకన్లు వచ్చింది. ఇప్పుడు పంతొమ్మిది. రెండు నిమిషాల పన్నెండు. నేనే సరిగ్గా కష్టపడటం లేదని రోజూ నన్ను నేను తిట్టుకున్నానమ్మా. నీ ముందే ఏడ్చాను కదా. అప్పుడేం చెప్పావు?"

ఆడపిల్లలకు ఆ వయసు దాటితే వేగం తగ్గుతుంది తల్లీ, అని చెప్పాను. సైన్సు అదేనన్నాను. ఆ సైన్సు రాసింది ఎవరో అప్పుడు నాకు గుర్తు రాలేదు.

"చూడు, నేను ఇప్పుడు ఎలా నిలబడ్డానో," అంది. చూశాను. వంటింట్లో ఒంటరిగా అట్టు పోసుకుంటున్న పిల్ల మోచేతులు పక్కటెముకలకు అంటుకుని ఉన్నాయి. చూసేవాళ్ళు లేరు, మెట్లు లేవు, చున్నీ కూడా లేదు. నీహార స్టవ్ ఆపేసి, మాడిన అట్టును చెత్తబుట్టలో వేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఏడు పేజీల నివేదిక రాసి చక్రధర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు. తెలివైన మనిషి, రెండో పేజీలోనే విషయం ఆయనకు బోధపడింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజమే కావచ్చు. సరిదిద్దుదాం. ఆరు నెలలు పడుతుంది," అన్నారు.

"ఫైనల్ రేపు సార్. రేపటికి దీపాలు ఆపేయండి చాలు."

"ఎనిమిదేళ్ళుగా ఇచ్చిన తీర్పుల మాటేమిటి? పదకొండు మంది అమ్మాయిలను పంపేశాం. ఈ రోజు ఆపితే రేపు వాళ్ళంతా కోర్టుకెక్కుతారు. మన పరువేం కాను?"

"వాళ్ళ పరువు ఏమైంది సార్?"

"చూడు సుభాషిణీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ అమ్మాయి అడగలేదు, వాళ్ళ కోచ్ అడగలేదు. రేపు ఒక్కరోజు చేతులు కాస్త దగ్గర పెట్టుకుని పరుగెత్తమను. పచ్చ పడుతుంది. గొడవ వదిలిపోతుంది. అందరూ అలాగే పరుగెత్తుతున్నారుగా?"

ఆడదానివని అనిపించుకోవాలంటే అణిగి ఉండమని అమ్మమ్మల కాలం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు కంప్యూటరు సాక్ష్యంతో చెబుతున్నాం, అంతే తేడా. ఆ మాట ఆయన మొహం మీదే అనేసి బయటికొచ్చాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి తలుపు గట్టిగా వేశాను. దానివల్ల తలుపుకు తప్ప ఎవరికీ నష్టం కలగలేదనుకోండి.

దేవమణి, నూకరాజు స్టేడియం వెనక మట్టి మైదానంలో ఉన్నారు. నేను వెళ్ళేసరికి ఆయన ఆమె చంకల్లో కాగితం ముక్కలు పెడుతున్నాడు. చక్రధర్ గారి కబురు నాకన్నా ముందే చేరింది. దేవమణి పది అడుగులు వేసిందో లేదో కాగితాలు పడిపోయాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడిపోయాయి.

నేను ఇద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి చున్నీల సంగతంతా చెప్పాను. నివేదిక ప్రతి ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

"ఆరేళ్ళ నుంచి ఎంతమంది గుంటల సంకల్లో నా సేత్తో కాయితాలు ఎట్టానో మేడం. ఆళ్ళ మంచికే అనుకున్నాను," అన్నాడు నూకరాజు. అని, కింద పడ్డ కాగితాలను ఏరి, ఉండ చేసి పారేశాడు.

"దేవమణీ, నీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను," అన్నాను. "రేపు చేతులు దగ్గర పెట్టుకుంటే పచ్చ పడుతుంది. ఓడిపోయినా నీ పేరు నీకుంటుంది. మామూలుగా పరుగెత్తితే ఎర్ర పడుతుంది. నేను సంతకం పెట్టను. కానీ నన్ను తీసేసి ఇంకొకరి చేత పెట్టిస్తారేమో, నేను ఆపలేకపోవచ్చు."

ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఆలోచించింది.

"మా అమ్మకి నిన్న ఫోన్ సేసినాను. ఊళ్ళో అప్పుడే తెలిసిపోనాదట. నీ కూతురు ఆడదా మగోడా అని సంతలో అడిగినారట. మా అమ్మేటన్నాదో తెలుసా? కన్నది నాను, నన్నడగండి, మిషన్ని అడుగుతారేటి అన్నాదట," అంది. మళ్ళీ తనే అంది. "పచ్చ కోసం మెల్లగ పరిగెడతాననుకోండి. అప్పుడు ఆడదాన్నే. మరి బేగి పరిగెట్టే ఆడది ఎక్కడికి పోవాల మేడం?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, రెండు చేతులూ బారగా ఊపుతూ మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టింది.

ఫైనల్ రోజు గ్యాలరీలు నిండిపోయాయి. పరుగు చూడటానికి కాదు, ఎర్రదీపం చూడటానికి వచ్చారు. దేవమణి లేనులోకి రాగానే ఈలలు. నేను దీపాల గదిలో, అద్దం వెనక, చక్రధర్ గారి పక్కన కూర్చున్నాను. ఎనిమిది మంది పేర్లతో ఎనిమిది ఫారాలు నా ముందున్నాయి. ఎర్ర పడితే నేను సంతకం పెట్టాల్సినవి. నీహార ఆరో లేనులో ఉంది. రెండు రోజులుగా అది నాతో మాట్లాడలేదు. నిన్నంతా పోటీదారుల హాస్టల్లో మిగతా పిల్లల దగ్గరే ఉంది.

తుపాకీ పేలింది. మొదటి వంద మీటర్లలో నేను దేవమణినే చూస్తున్నాను. ఆమె చేతులు విచ్చుకున్నాయి. అప్పుడు చక్రధర్ గారు "ఏమిటిది?" అన్నారు. ఆయన చూపు ఆరో లేను మీద ఉంది.

నీహార చేతులు ఊపుతోంది. పొందిక లేదు, మర్చిపోయిన పని మళ్ళీ నేర్చుకుంటున్నట్టు ఎడమది ఒకలా, కుడిది ఒకలా. దాని పక్క లేనులో కేరళ అమ్మాయి చేతులూ గాలిలో ఉన్నాయి. హర్యానా పిల్ల. మణిపూర్ పిల్ల. ఎనిమిది మంది, పదహారు చేతులు. ఒక్క మోచెయ్యి కూడా ఒంటికి ఆనలేదు. నీహార హాస్టల్లో ఏం చేసిందో అప్పుడర్థమైంది నాకు. నిలబడి, అద్దానికి అరచేతులు ఆనించి, చిన్నపిల్లలా అరిచాను.

దేవమణి రెండు నిమిషాల ఒకటిన్నర సెకన్లలో గీత దాటింది. నీహార నాలుగో స్థానం, రెండు నిమిషాల ఏడు. అంతకుముందు ఎన్నడూ రాని టైము. ఎనిమిది మందిలో ఆరుగురికి అది జీవితంలో అతి మంచి పరుగు.

దీపాలు వెలిగాయి. ఎర్ర. ఎర్ర. ఎర్ర. పై నుంచి కింద దాకా ఎనిమిదీ ఎర్ర. తీపి గొంతు మొదలుపెట్టింది. "మహిళల ఎనిమిది వందల మీటర్ల ఫైనల్. పాల్గొన్న మహిళలు, సున్నా."

స్టేడియం అంతా గొల్లుమంది. కానీ ఈ నవ్వు వేరు. ఈసారి నవ్వుతున్నది బోర్డును చూసి. నవ్వు సద్దుమణిగాక మిగిలిన నిశ్శబ్దంలో, ఎనిమిదేళ్ళుగా తాము నమ్మింది ఏమిటో జనానికి మెల్లమెల్లగా తలకెక్కడం అద్దం లోంచి కూడా కనిపించింది.

చక్రధర్ గారు మాత్రం నిమిషంలో తేరుకున్నారు. ఫారాలు నా ముందుకు జరిపారు.

"ఏడింటి మీద యంత్ర దోషం అని రాయి. దేవమణి ఫారం మీద సంతకం పెట్టు. ఆమెకు ఇది రెండోసారి, కేసు స్పష్టంగా ఉంది."

నాకు సరిగ్గానే వినిపించిందా అనిపించింది. "అదే యంత్రం. అదే దీపం. ఏడుగురికి దోషమైంది ఈమెకు నిజమెలా అవుతుంది సార్?"

"ఎందుకమ్మా వాదన? చూస్తేనే తెలియడం లేదూ?"

అదీ సంగతి. ఇరవై నాలుగు కెమెరాలు, పదేళ్ళ పరిశోధన, తమలపాకంత పట్టీ, అన్నీ పక్కకు తీసేస్తే చివరికి మిగిలింది ఇది. నల్లగా ఉంది, భుజాలున్నాయి, కొండ నుంచి వచ్చింది. చూస్తేనే తెలుస్తుంది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఫారాలన్నీ తీసుకుని, దీపాల గది తలుపు తీసి, ట్రాక్ మీదికి నడిచాను. ఆయన నా వెనకే వచ్చారు.

"ఏడుగురివి యంత్ర దోషమట. దేవమణిది మాత్రం నిజమట. ఎలాగంటే, చూస్తేనే తెలుస్తుందట. డైరెక్టర్ గారు అంటున్నారు," అన్నాను అమ్మాయిలతో, గట్టిగా. దగ్గర్లో విలేకరులున్నారు. విననీ అనుకున్నాను.

చెమటతో తడిసిన నీహార ముందుకొచ్చింది. "అయితే నన్ను చూసి చెప్పండి సార్," అని ఆయన ఎదురుగా నిలబడింది. దాని పక్కన మణిపూర్ పిల్ల వచ్చి నిలబడింది. తర్వాత హర్యానా పిల్ల. ఎవరూ పిలవకుండానే ఎనిమిది మందీ వరసగా నిలబడ్డారు, దేవమణి నడుమ. "ఒక్కొక్కరినీ చూసి చెప్పండి సార్, ఎవరు ఆడది, ఎవరు కాదో. మీకు తెలుస్తుంది కదా," అంది నీహార.

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. చక్రధర్ గారు తలెత్తలేకపోయారు. చివరికి నేల చూస్తూనే, "అన్నిటి మీదా యంత్ర దోషం అని రాసెయ్," అని గొణిగారు.

అక్కడే తుపాకీ పేల్చే స్టార్టర్ బల్ల మీద ఫారాలు పెట్టి రాశాను. యంత్ర దోషం అని మాత్రం రాయలేదు. యంత్రానికి దోషమేముంది? అది మనం చూపించింది చూసింది, మనం నేర్పింది నేర్చుకుంది. 'కొలిచినవారి దోషం' అని ఎనిమిది కాగితాల మీదా రాసి, కింద నా పేరు పూర్తిగా రాశాను.

దేవమణి తన కాగితం అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. చదివి నా మొహంలోకి చూసింది.

"ఇందులో తప్పయిపోనాదని రాయనేదేటి మేడం?"

"ఫారంలో దానికి గడి లేదమ్మా."

"అయితే నోటితో సెప్పండి."

అంతమంది ముందు, కెమెరాల ముందు, ఇరవై ఏళ్ళ పిల్ల ముందు చేతులు జోడించి చెప్పాను. తప్పయిపోయిందమ్మా, నన్ను క్షమించు అని. ఆమె సరేనన్నట్టు తల ఊపి, పతకం ఇచ్చే మెట్టు ఎక్కడానికి వెళ్ళింది.

తర్వాత నా కూతురి వైపు తిరిగి అదే మాట చెప్పాను. అది అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఇంట్లో మాట్లాడదాంలే," అంది.